పితూరి, యుద్ధం, స్మారకం: తూర్పు కనుమల మన్యంలో యుద్ధచిహ్నాల చరిత్ర - అర్థవిచారం

వ్యాససంగ్రహం:

ఒక సంఘటనకు స్మారకం నిలవాలంటే అంతకుముందే దానికి ఒక పేరు స్థిరపడాలి. రాజ్యం ‘యుద్ధం’గా అంగీకరించిన చోట రణభూమి గుర్తింపు పొందుతుంది, ‘పితూరి’ అని పిలిచిన చోట పోరు జరిగిన నేల శాంతిభద్రతల దస్తావేజుల్లో కలిసిపోతుంది. బొబ్బిలి, పద్మనాభం రణభూములను 1922-24 నాటి మన్యం పోరాటస్థలాలతో పోల్చి, తూర్పు కనుమల్లో యుద్ధస్మారకాలు ఎవరిని, దేనిని, ఏ రూపంలో గుర్తుంచుకున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మన్యంలో స్మారకచింతన నాయకుని దేహం, ప్రభుత్వ భవనం చుట్టూ కేంద్రీకృతమైందని, పోరాటానికి అసలు వేదికలైన కనుమదారులు, ముఠాగ్రామాలు ఆ చింతన అంచునే ఉండిపోయాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యుద్ధస్మారకాలు, రణభూమి, మన్యం, పితూరి, అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, స్మృతిస్థలం.

1. ఉపోద్ఘాతం:

యుద్ధస్మారకం గతాన్ని ఉన్నదున్నట్టు చూపే అద్దం కాదు. జరిగినదానిలో ఏది చెప్పదగినదో, ఎవరి మరణం పేరుతో సహా నిలవదగినదో ఒక సమాజం చేసుకున్న నిర్ణయం అందులో ఉంటుంది. ఫ్రెంచి చరిత్రకారుడు పియర్ నోరా 1984-92 మధ్య తన సంపాదకత్వంలో వెలువడిన సంపుటాలలో ‘స్మృతిస్థలాలు’ అనే భావనను విస్తృతంగా చర్చించాడు. జ్ఞాపకం నిత్యజీవితంలో సహజంగా ప్రవహిస్తున్నంతకాలం దానికి ప్రత్యేకస్థలం అవసరం లేదని, ఆ ప్రవాహం సన్నగిల్లినప్పుడే స్తంభాలు, విగ్రహాలు, ప్రదర్శనశాలలు అవసరమవుతాయని ఆయన వాదసారం.

తూర్పు కనుమల గిరిజన ప్రాంతానికి ఈ భావనను అన్వయిస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. అరకు, పాడేరు, చింతపల్లి, గూడెం, రంప ప్రాంతాలు పందొమ్మిదో శతాబ్దం నుంచి 1924 వరకు పదే పదే సాయుధ ప్రతిఘటనలను చూశాయి. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో సబాల్టర్న్ అధ్యయనాల తొలి సంపుటిలో ప్రచురించిన వ్యాసం గూడెం-రంప తిరుగుబాట్లను 1839 నుంచి 1924 వరకు ఒకే పరంపరగా పరిశీలించింది. ఇంత దీర్ఘమైన పోరాటచరిత్ర ఉన్న నేలపై ‘రణభూమి’ అని జనం పిలిచే స్థలం ఏది? ఈ ప్రశ్నకు సమాధానం కొండలపై మాత్రమే వెదికితే దొరకదు. కొండల పాదాన ఉన్న మైదానపు రణభూములతో పోల్చి చూడవలసి ఉంటుంది.

2. తెలుగునేలపై యుద్ధచిహ్నాల సంప్రదాయం:

తెలుగునేలపై యుద్ధాన్ని గుర్తుంచుకున్న పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది జయస్తంభం. కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు సింహాద్రి పొట్నూరులో జయస్తంభం నాటించాడు. 1516, 1519 నాటి ఆయన శాసనాలు సింహాచల క్షేత్రంలో ఉన్నాయి. జయస్తంభం విజేత మాట. అది రాజ్యపు ఎల్లను చాటుతుంది. నేలకొరిగినవారి సంగతి ఎత్తదు.

రెండవది వీరగల్లు. ఊరిని, పశువులను కాపాడుతూ మరణించిన వ్యక్తికి ఊరివారో బంధువులో నిలిపిన శిల అది. గెలుపోటములతో దానికి నిమిత్తం లేదు. మూడవది ఉత్సవరూప స్మరణ. పల్నాటి యుద్ధవీరులను కారెంపూడిలో ఏటా కార్తికమాసంలో జరిగే వీరారాధనోత్సవం నేటికీ తలుస్తుంది. వీరుల ఆయుధాలకు జరిగే పూజ, వీరగాథల గానం అక్కడ స్మారకఫలకం చేయవలసిన పనిని చేస్తున్నాయి.

ఈ మూడింటిలో జయస్తంభం రాజ్యానిది, వీరగల్లు గ్రామానిది, ఉత్సవం జనసమూహానిది. వలసపాలన కాలంలో వీటికి నాలుగవది తోడైంది. అది పాశ్చాత్య ఫక్కిలో నిర్మించిన స్మారకస్తంభం, పేరు చెక్కిన సమాధిఫలకం. మన్యం ప్రాంతపు యుద్ధస్మృతిని శాసించినది ప్రధానంగా ఈ నాలుగవ పద్ధతే.

3. కొండల పాదాన రెండు రణభూములు:

1757 జనవరి 24న బొబ్బిలి కోటపై ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పెద విజయరామరాజు కలిసి దాడిచేశారు. కోట కూలింది, లోపలి స్త్రీలు, పిల్లలు కూడా ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన గుడారంలోనే వధించాడు. ఈ కథను మొదట నిలిపినవి గాయకుల గళాలు. రాతిస్తంభం రావడానికి శతాబ్దానికి పైగా పట్టింది. బొబ్బిలి సంస్థానం 1891లో యుద్ధస్థలంలో స్మారకస్తంభాన్ని నిర్మించింది. సంస్థానం నిలదొక్కుకున్నాక, వంశగౌరవాన్ని నేలపై ముద్రించగల స్తోమత ఏర్పడ్డాక వెలసిన చిహ్నం అది.

పద్మనాభ యుద్ధం 1794 జూలై 10న జరిగింది. పేష్కషు బకాయిల వివాదం ముదిరి, కర్నల్ ప్రెండర్‌గాస్ట్ నాయకత్వంలోని ఈస్టిండియా కంపెనీ సేన విజయనగర ప్రభువు చిన విజయరామరాజును ఆయన అనుచరులతో సహా హతమార్చింది. ఆయన కుమారుడు నారాయణబాబు కొండ జమీందార్ల ఆశ్రయం పొందాడు. మైదానంలో ఓడిన అధికారానికి కొండ తలదాచుకునే చోటైంది. పద్మనాభంలోని రాజు స్మారకం ఆ ఓటమిని గుర్తుచేస్తుంది.

ఈ రెండు స్థలాలకు సామాన్యలక్షణాలు మూడు ఉన్నాయి. పోరు ఒక్కరోజులో, ఒక నిర్ణీతస్థలంలో ముగిసింది. ఇరుపక్షాల్లోనూ సేనలు, సేనానులు ఉన్నారు. మరణించినవారి పక్షాన స్మారకం నిలపగల వంశం మిగిలింది. తేదీ, స్థలం, వారసుడు అనే ఈ మూడు సమకూరినప్పుడు రణభూమికి గుర్తింపు సులభమవుతుంది. మన్యంలో ఈ మూడూ సమకూరలేదు.

4. ‘పితూరి’ అనే పేరు చేసిన పని:

కొండప్రాంతపు పోరాటాలను వలసపాలన దస్తావేజులు ‘పితూరి’ అన్నాయి. అరబీ, పారసీల మీదుగా పాలనాభాషలోకి వచ్చిన ఈ మాటకు అల్లరి, కలత, తిరుగుబాటు అని అర్థం. నేటి వాడుక తెలుగులో ‘పితూరీలు చెప్పడం’ అంటే చాడీలు మోయడం, ఫిర్యాదు చేయడం. తిరుగుబాటు చాడీగా కుదించుకుపోయిన ఈ అర్థపరిణామం గమనార్హం. ఒక ప్రాంతప్రజల సాయుధ ప్రతిఘటనకు పెట్టిన పేరు కాలక్రమంలో ఒక స్వభావదోషానికి పేరుగా మిగిలింది.

పేరు వెనుక పాలనాతర్కం ఉంది. యుద్ధం రెండు అధికారాల నడుమ జరుగుతుంది. పితూరి పాలకునికీ పాలితునికీ నడుమ రేగే అలజడి. 1879 మార్చిలో రంపలో మొదలైన తిరుగుబాటు దీనికి నిదర్శనం. మన్సబుదారు విధించిన చిగురుపన్ను, కల్లుగీతపై కొత్త ఆబ్కారీ ఆంక్షలు, మైదానపు వర్తకుల రుణపాశాలు కారణాలుగా రేగిన ఈ పోరు గూడెం, గొలుగొండ ప్రాంతాలకు విస్తరించింది. ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి, తమ్మన్నదొర వంటివారు దానికి నాయకులు. అణచివేతకు సేనలు కదిలినా, దస్తావేజుల్లో అది ‘రంప పితూరి’గానే నిలిచింది. యుద్ధం కానిదానికి రణభూమి ఉండదు. రణభూమి లేనిదానికి స్మారకస్తంభమూ ఉండదు. చంద్రయ్య, తమ్మన్నదొరల స్మృతికి తరువాతి కాలంలో సీతారామరాజు స్మృతికి దక్కినంత ప్రజాస్థలం దక్కకపోవడానికి ఈ పేరు కూడా ఒక కారణం.

స్వాతంత్ర్యోద్యమ చరిత్రరచన ఈ పేరును మార్చింది. 1922-24 నాటి పోరాటం ‘మన్యం విప్లవం’, ‘రంప విప్లవం’, ‘మన్యం తిరుగుబాటు’ అయింది. పేరు మారిన తరువాతే సమాధికి ఉద్యానవనం, కూడళ్లకు విగ్రహం, జిల్లాకు నామకరణం సాధ్యమయ్యాయి.

5. రెండు రకాల సమాధులు:

1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని, అటవీఫలసాయాన్ని ఆంక్షల్లో బిగించింది. గూడెం ప్రాంతంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఘాటురోడ్ల నిర్మాణానికి గిరిజనులతో చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. ముఠాదారుల సాంప్రదాయిక అధికారాలు తరిగిపోయాయి. ఈ అసంతృప్తిని సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర ప్రభృతులు సాయుధ పోరాటంగా మలిచారు.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో వారు ప్రభుత్వ బలగాలపై మాటువేశారు. ముందు నడిచిన భారతీయ కానిస్టేబుళ్లను పోనిచ్చి, వెనుక వస్తున్న ఆంగ్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్లను కాల్చిచంపారు. లక్ష్యాన్ని ఇలా వేరుచేయడం యాదృచ్ఛికం కాదు. తమ శత్రువు ఎవరో తిరుగుబాటుదారులు ఆ కనుమలో ఆచరణతో ప్రకటించారు. ఆ ఇద్దరు అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. మన్యం పోరులో మరణించినవారిలో తొలుత పేరుతో సమాధిగౌరవం పొందినవారు వీరే.

1924 మే 7న మంప వద్ద పట్టుబడిన సీతారామరాజును కొయ్యూరులో విచారణ లేకుండా చెట్టుకు కట్టి కాల్చిచంపారు. భౌతికకాయానికి కృష్ణదేవిపేటలో అంత్యక్రియలు జరిపారు. తరువాతి నెలలో గాం గంటందొర కూడా నేలకొరిగాడు. రాజు సమాధి, దాని చెంతనే గంటందొర సమాధి నేడు కృష్ణదేవిపేట స్మారకోద్యానంలో ఉన్నాయి. గాం మల్లుదొర శిక్ష అనుభవించి బయటికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

నర్సీపట్నం, కృష్ణదేవిపేట రెండూ కొండల పాదాన ఉన్నవే. హతులైన అధికారులనూ, హతుడైన నాయకునీ కొండ దించి పోలీసుకేంద్రాలకు చేరువలోనే అంత్యక్రియలు జరిపారు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు ఈ రెండు ఊళ్లూ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. ఆయన పేరుతో వెలసిన జిల్లా ఎల్లకు ఆవలనే ఆయన సమాధి ఉండిపోయింది. స్మారకానికీ పోరాటభూమికీ నడుమ ఉన్న దూరాన్ని ఈ పాలనావిభజన పటం మీద స్పష్టం చేస్తుంది.

ఇదే దశాబ్దంలో ప్రపంచస్థాయిలో యుద్ధస్మృతి స్వరూపం మారుతున్నది. 1917లో ఏర్పడిన సామ్రాజ్య యుద్ధసమాధుల కమిషన్, హోదాతో నిమిత్తం లేకుండా ప్రతి మృతుని పేరూ నిలపాలనే సూత్రాన్ని స్వీకరించింది. ఫ్రాన్సులోని నవ్ షాపెల్ వద్ద 1927లో ఆవిష్కృతమైన భారతీయ స్మారకంపై 4,700కు పైగా పేర్లు ఉన్నాయి. అయితే ఐరోపా వెలుపల ఈ సూత్రం సమంగా అమలుకాలేదు. ప్రధానంగా ఆఫ్రికా, పశ్చిమాసియాలకు చెందిన కనీసం 1,16,000 మంది మృతులకు పేరుతో స్మారకగౌరవం దక్కలేదని ఆ సంస్థ నియమించిన సంఘమే 2021లో అంగీకరించింది. సామ్రాజ్యం తన పక్షాన మరణించినవారి పట్లనే ఈ వివక్ష చూపినప్పుడు, దానికి ఎదురుతిరిగి కొండదారుల్లో కూలినవారి పేర్లు రాతికెక్కకపోవడం ఆశ్చర్యం కాదు.

6. పోలీసు స్టేషను: శత్రుభవనం స్మారకం కావడం:

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడులు జరిగాయి. మూడుచోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కాయి. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న మొట్టడం వీరయ్యదొర విడుదలయ్యాడు. స్వాధీనం చేసుకున్న ఆయుధాల వివరాలను సీతారామరాజు స్టేషను రికార్డులోనే రాసి సంతకం చేయడం ఈ దాడుల ప్రత్యేకత.

ఆ సంతకాన్ని మన్యం పోరాటపు తొలి స్మారకచిహ్నంగా పరిగణించవచ్చు. దోపిడీ చేసినవాడు లెక్క చెప్పడు. ఆయుధాలను పద్దు రాసి తీసుకున్నవాడు తన చర్యను బహిరంగ యుద్ధంగా ప్రకటిస్తున్నాడు. తనపై ‘పితూరి’ అనే ముద్ర వేయబోయే రాజ్యానికి, దాని పుస్తకంలోనే, ముందుగానే ఇచ్చిన సమాధానం ఆ పద్దు. జయస్తంభం విజేత రాజ్యానిది, వీరగల్లు మృతుని బంధువులది. ఇది పోరాడుతున్నవాడు జీవించి ఉండగానే తన చేతితో నిలిపిన గుర్తు.

2022 జూలై 4న రాజు 125వ జయంతి వేడుకల ప్రారంభసందర్భంగా భీమవరంలో 30 అడుగుల కాంస్యవిగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. రాజు జన్మస్థలంగా ప్రసిద్ధమైన పాండ్రంగితో పాటు చింతపల్లి పోలీసు స్టేషనును కూడా పునరుద్ధరించనున్నట్లు అప్పుడు ప్రకటన వెలువడింది. పాండ్రంగి ఉన్నది పద్మనాభం మండలంలోనే. 1794లో కంపెనీ సేనకు ఎదురునిలిచిన నేలకు చేరువలోనే 1922 పోరాటనాయకుని జన్మస్థలం ఉండటం, రెండు స్మృతులూ వేర్వేరు దారుల్లో సాగడం పరిశోధకులు పట్టించుకోదగిన అంశం.

పోలీసు స్టేషను స్మారకమైనప్పుడు దాని అర్థం తలకిందులవుతుంది. అధికారానికి గుర్తుగా కట్టిన గోడలు ఆ అధికారం నివ్వెరపోయిన క్షణానికి గుర్తులవుతాయి. అయినా భవనం చెప్పే కథకు పరిమితి ఉంది. అది దాడి జరిగిన రోజును చెబుతుంది. ఆ దాడికి కారణమైన ఘాటురోడ్డు కూలినీ, అటవీ ఆంక్షనూ చెప్పదు.

7. రణభూమి లేని యుద్ధం:

గెరిల్లా యుద్ధానికి రంగస్థలం మైదానం కాదు, దారి. దామనపల్లి తరువాత అక్టోబరు 15న అడ్డతీగల, ఆ వెంటనే రంపచోడవరం దాడులు జరిగాయి. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద మలబారు స్పెషల్ పోలీసులతో జరిగిన ఎదురుకాల్పుల్లో తిరుగుబాటుదారులు నష్టపోయారు. 1923 ఏప్రిల్‌లో రాజు అన్నవరంలో కనిపించాడు. 1924 ఆరంభంలో అస్సాం రైఫిల్స్ దళాలు దిగాయి. ఇరవై నెలలకు పైగా సాగిన ఈ పోరు ఏ ఒక్క స్థలానికీ కట్టుబడలేదు. ఒక రాతిని నాటి ‘ఇక్కడ జరిగింది’ అని చెప్పడానికి దాని స్వభావమే అవకాశమివ్వదు.

ఆ పోరు నడిచినది తుపాకులతో మాత్రమే కాదు. దళానికి అన్నం పెట్టిన గ్రామాలు, కబురు మోసినవారు, దారి చూపినవారు ఉన్నారు. వారికి సాయమందకుండా గ్రామాల ధాన్యాన్ని కట్టడి చేయడం, శిక్షాపన్ను విధించడం అణచివేతలో భాగాలు. మరోవైపు ప్రభుత్వపక్షాన నడిచిన సాధారణ కానిస్టేబుళ్లు, బరువులు మోసిన కూలీలూ భారతీయులే. విగ్రహం ఈ జనసమూహాన్ని ఇముడ్చుకోలేదు. విల్లంబులు ధరించిన ఏకవీరుని రూపం 1974 నాటి చలనచిత్రంతో తెలుగువారి మనసుల్లో స్థిరపడింది. అయితే పోరాటనిర్ణయాల్లో తుపాకుల సేకరణ కేంద్రస్థానంలో ఉన్న సంగతిని, గాం సోదరుల వంటి స్థానిక నాయకుల పాత్రను ఆ రూపం వెనక్కి నెట్టింది.

8. కొండవారి రాళ్లు:

మన్యానికి తనదైన స్మారకసంప్రదాయం లేదనుకోవడం పొరపాటు. కోరాపుట్ పీఠభూమిలోని గదబలు, బొండాల శిలాసంప్రదాయాలను హైమెండార్ఫ్ 1943లో నమోదు చేశాడు. మృతుల కోసం గదబలు జరిపే ‘గోతర్’ కర్మలో రాళ్లు నిలుపుతారు. ఊరి నడుమ రాతి ఆసనాలున్న ‘సదర్’ పెద్దలు కూర్చుని మాట్లాడుకునే చోటు. ఆ రాళ్లపై పేర్లు ఉండవు. ఎవరి రాయి ఏదో చెప్పేది ఊరి జ్ఞాపకం. మృతుల గుర్తుల నడుమనే జీవించి ఉన్నవారు కూర్చుని తగవులు తీర్చుకుంటారు.

ఈ సంప్రదాయం యుద్ధమృతుల కోసం పుట్టినది కాదు. గూడెం-రంప ప్రాంతపు సముదాయాలన్నింటిదీ కాదు. కానీ స్మారకం గురించి అది భిన్నమైన భావనను ముందుంచుతుంది. ఇనుపకంచె లోపల నిలబెట్టి ఏడాదికొకసారి పూలమాల వేసే విగ్రహానికీ, ప్రతి సాయంత్రం ఊరు కూర్చునే రాతికీ ఉన్న భేదమే నోరా చెప్పిన స్మృతిస్థలానికీ, జీవించి ఉన్న స్మృతికీ ఉన్న భేదం. శాసనం లేని రాయికి ఒక ప్రమాదమూ ఉంది. చెప్పేవారు లేకపోతే అది ఒట్టి రాయి అవుతుంది. వలసలు, జలాశయాల ముంపు, భాషాక్షయం ఆ ప్రమాదాన్ని పెంచుతున్నాయి.

9. ముగింపు:

బొబ్బిలి, పద్మనాభం, నర్సీపట్నం, కృష్ణదేవిపేట, చింతపల్లి అనే వరుసలో యుద్ధస్మారకం ముందుగా వంశానికి, తరువాత సామ్రాజ్యానికి, ఆపైన జాతికి చెందింది. ఈ వరుసలో గ్రామానికి ఇంకా వంతు రాలేదు. లంబసింగి ప్రాంతంలో తలపెట్టిన గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల ప్రదర్శనశాల ఆ కొరతను తీర్చగలదా అన్నది, అందులో పెట్టే విగ్రహాల సంఖ్య మీద కాక, ముఠాగ్రామాల పేర్లు, శిక్షాపన్ను చెల్లించిన ఊళ్ల వివరాలు, 1879 నాటి నాయకుల చరిత్ర అందులో చోటుచేసుకోవడం మీద ఆధారపడి ఉంటుంది.

మన్యం పోరాటానికి తగిన స్మారకరూపం ఒక స్తంభం కంటే ఒక దారి. చింతపల్లి నుంచి రాజవొమ్మంగి వరకు మూడు రోజుల్లో సాగిన నడక, దామనపల్లి మలుపు, మంప నుంచి కొయ్యూరుకు బందీని నడిపించిన మార్గం - ఇవన్నీ కలిస్తేనే ఆ యుద్ధపు రణభూమి. ఆ మార్గంలోని ఊళ్లలో మౌఖికచరిత్ర సేకరణ, స్థలనామాల నమోదు, దండన దస్తావేజుల్లోని గ్రామనామాల పరిశీలన తెలుగు చరిత్ర, జానపద, భాషాశాస్త్ర శాఖలు కలిసి చేపట్టవలసిన పని. రాజు స్టేషను పుస్తకంలో తీసుకున్న ప్రతి తుపాకికీ లెక్క రాశాడు. ఆ పోరులో ఒరిగిన ప్రతి మనిషికీ అటువంటి లెక్క రాయడం పరిశోధకుల వంతుగా మిగిలి ఉంది.